మానవ వృద్ధికారక గ్రాహకం: భావన నుంచి పునఃసంయోజక ప్రోటీను దాకా - ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

నేటి జీవశాస్త్ర ప్రయోగశాలల్లో పునఃసంయోజక మానవ ప్రోటీన్లు నిత్యం వాడే సామగ్రి. బాహ్యచర్మ వృద్ధికారక గ్రాహకం వాటిలో ఒకటి. ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్లలో గ్రాహకం అనేది కేవలం ఒక ఊహ. దానిని చూసినవారు, తాకినవారు లేరు. ఆ శతాబ్ది ముగిసేనాటికి అది తూచి, చిన్న సీసాలో పోసి, చీటీ అంటించి అమ్మే పొడిగా మారింది. ఈ మార్పు ఏయే దశల్లో జరిగిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. సీసా మీది 'పునఃసంయోజక', 'మానవ', 'గ్రాహకం' అనే మూడు మాటలకూ వేర్వేరు చరిత్రలున్నాయనీ, వాటిలో అతి తక్కువగా చర్చకు వచ్చినది 'మానవ' అనే మాట చరిత్రేననీ నిరూపించడం దీని ఉద్దేశం.

కీలకపదాలు: వృద్ధికారకం, గ్రాహకం, పునఃసంయోజక డి.ఎన్.ఎ., ఎ-431 కణశ్రేణి, టైరోసిన్ కైనేజ్, యల్లాప్రగడ సుబ్బారావు, విజ్ఞానశాస్త్ర చరిత్ర

1. ఉపోద్ఘాతం

శరీరంలోని ప్రతి కణమూ తన చుట్టూ ఉన్న ద్రవంలోని రసాయన సంకేతాలను గుర్తించి, వాటికి తగినట్లు నడుచుకొంటుంది. పెరగమనీ, విభజన చెందమనీ చెప్పే సంకేతాలు వృద్ధికారకాలు. వాటిని కణం ఉపరితలం మీద పట్టుకొనే ప్రోటీన్లు గ్రాహకాలు. బాహ్యచర్మ వృద్ధికారకాన్ని శాస్త్రజ్ఞులు ఇ.జి.ఎఫ్. అని పొడి అక్షరాలతో పిలుస్తారు. దాని గ్రాహకమే ఈ వ్యాసానికి విషయం.

ఈ గ్రాహకాన్ని నేడు ఏ పరిశోధకుడైనా కొనుక్కోవచ్చు. గడ్డకట్టించి ఎండబెట్టిన తెల్లని పొడి రూపంలో, మిల్లీగ్రాములోని చిన్న భాగాల లెక్కన అది వస్తుంది. ఏ జీవి కణాలలో తయారైందో, ఎన్నో అమైనో ఆమ్లం నుంచి ఎన్నో అమైనో ఆమ్లం వరకు ఉందో, ఎంత చల్లదనంలో దాచాలో చీటీ మీద రాసి ఉంటుంది. పరిశోధనకు మాత్రమేనన్న హెచ్చరిక కూడా ఉంటుంది. ఆ చీటీ మీద లేనిది దాని పూర్వచరిత్ర.

తెలుగులో 'గ్రాహకం' అనే పారిభాషిక పదం ఇక్కడ ప్రత్యేకంగా గమనించదగినది. లాటిన్ మూలం నుంచి వచ్చిన 'రిసెప్టర్' అనే పదానికి స్వీకరించేది అని మాత్రమే అర్థం. 'గ్రహించు' అనే క్రియకు తెలుగులో పట్టుకోవడం, అర్థం చేసుకోవడం అనే రెండర్థాలున్నాయి. ఈ ప్రోటీను గురించిన శాస్త్రజ్ఞానం కూడా మొదటి అర్థం నుంచి రెండో అర్థం వైపు సాగిందని కింది పరిశీలనలో తెలుస్తుంది.

2. గ్రాహకం: కనిపించక ముందే పెట్టిన పేరు

గ్రాహక భావనకు ఇద్దరు ఆద్యులు. జర్మన్ వైద్యశాస్త్రజ్ఞుడు పౌల్ ఎర్లిక్ 1897లో, విషపదార్థాలు కణాన్ని ఎలా పట్టుకొంటాయో వివరించడానికి పార్శ్వశృంఖల సిద్ధాంతాన్ని ప్రతిపాదించాడు. 1900లో అదే సందర్భంలో 'రిసెప్టర్' అనే మాటను వాడాడు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో శరీరధర్మశాస్త్రజ్ఞుడు జాన్ న్యూపోర్ట్ లాంగ్లీ వేరొక మార్గంలో అదే భావనకు చేరాడు. నికోటిన్ ఇస్తే కోడి కండరం ముడుచుకొంటుంది. క్యురారే అనే విషం ఇస్తే ఆ ముడుచుకోవడం ఆగిపోతుంది. నాడిని కోసివేసి, అది పూర్తిగా క్షీణించిన తర్వాత కూడా నికోటిన్ పనిచేసింది. కాబట్టి అది పనిచేసే చోటు నాడి కాదు. క్యురారే ఇచ్చిన కండరాన్ని విద్యుత్తుతో తాకితే అది ముడుచుకొంది. కాబట్టి ఆ విషం ముడుచుకొనే శక్తినీ తీసివేయలేదు. ఈ రెండింటికీ నడుమ మరేదో పదార్థం ఉండాలని 1905లో లాంగ్లీ నిర్ణయించి, దానిని 'గ్రహణ పదార్థం' అన్నాడు.

ఇది తర్కంతో చేరిన నిర్ణయమే కాని పదార్థాన్ని వేరుచేసి చూపిన నిర్ణయం కాదు. అందుకే తర్వాతి తరం ఔషధశాస్త్రజ్ఞులలో పలువురు దానిని అనుమానంగానే చూశారు. ప్రభావం కనిపిస్తున్నది, కారకం కనిపించడం లేదు. దాదాపు 70 ఏళ్ల పాటు గ్రాహకం సమీకరణాలలోనూ రేఖాపటాలలోనూ మాత్రమే నివసించింది. అది ప్రోటీనా, కొవ్వా, మరేదైనానా అన్న ప్రశ్నకు కూడా చాలాకాలం సమాధానం లేదు.

3. వృద్ధికారకాల అన్వేషణ

గ్రాహకాన్ని పట్టాలంటే ముందుగా అది పట్టుకొనే పదార్థం చేతికి రావాలి. ఆ కథ ఇటలీలో మొదలవుతుంది. రీటా లెవి-మోంటాల్చీని 1909లో తురీన్ నగరంలో యూదు కుటుంబంలో జన్మించింది. 1938లో ముస్సోలినీ ప్రభుత్వం తెచ్చిన జాతి చట్టాలు ఆమెను విశ్వవిద్యాలయం నుంచి వెలివేశాయి. ఆమె తన పడకగదినే ప్రయోగశాలగా మార్చుకొని, కోడిపిండాలలో నాడీకణాల పెరుగుదలను అధ్యయనం చేసింది. బాంబుల భయంతో పల్లెకు తరలిపోయినప్పుడు కూడా ఆ పని ఆపలేదు. యుద్ధం ముగిశాక అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో పనిచేస్తున్న విక్టర్ హాంబర్గర్ ఆహ్వానంపై 1947లో అక్కడికి వెళ్లింది.

ఎల్మర్ బ్యూకర్ 1948లో ఎలుక కణితి ముక్కను కోడిపిండంలో నాటి, నాడీతంతువులు ఆ కణితిలోకి విస్తారంగా పెరగడం గమనించాడు. కణితి నుంచి వెలువడే ఏదో పదార్థమే దీనికి కారణమని లెవి-మోంటాల్చీని గుర్తించింది. 1952లో కణితులున్న ఎలుకలను వెంటబెట్టుకొని విమానంలో రియో డి జనీరో వెళ్లి, హెర్తా మేయర్ నిర్వహిస్తున్న కణజాల వర్ధన ప్రయోగశాలలో ఆ ఊహను రుజువు చేసింది. కణితి ముక్క పక్కన పెట్టిన నాడీసంధి చుట్టూ ఒక్కరోజులోనే తంతువులు పరివేషంలా అల్లుకొన్నాయి.

1953లో జీవరసాయన శాస్త్రజ్ఞుడు స్టాన్లీ కోహెన్ ఆమెతో చేరాడు. ఆ పదార్థంలో కేంద్రకామ్లం ఉందో లేదో తేల్చడానికి, కేంద్రకామ్లాన్ని విడగొట్టే ఎంజైము కోసం పాము విషాన్ని కలిపి చూశారు. అనుకోకుండా, కణితిలో కంటే పాము విషంలోనే నాడీవృద్ధికారకం ఎన్నో రెట్లు ఎక్కువగా ఉన్నట్లు బయటపడింది. పాములో విషగ్రంథి, క్షీరదాలలో లాలాజల గ్రంథి ఒకే కోవకు చెందినవన్న ఆలోచనతో కోహెన్ మగ ఎలుకల లాలాజల గ్రంథులను పరీక్షించాడు. అక్కడ నాడీవృద్ధికారకం సమృద్ధిగా దొరికింది.

ఆ గ్రంథుల సారాన్ని అప్పుడే పుట్టిన ఎలుకపిల్లలకు ఎక్కించినప్పుడు మరో వింత కనిపించింది. మామూలుగా 12 నుంచి 14 రోజులకు తెరుచుకొనే కనురెప్పలు దాదాపు వారం రోజులకే తెరుచుకొన్నాయి. పళ్లు కూడా ముందే వచ్చాయి. నాడీవృద్ధికారకం ఈ పని చేయదు. కాబట్టి ఆ సారంలో మరో పదార్థం ఉండాలి. కోహెన్ 1962లో దానిని శుద్ధిచేసి ప్రకటించాడు. అదే ఇ.జి.ఎఫ్. అందులో 53 అమైనో ఆమ్లాలున్నాయని 1972లో తేలింది. 1975లో మనిషి మూత్రం నుంచి మానవ ఇ.జి.ఎఫ్.ను వేరుచేశారు. ఈ పరిశోధనలకు 1986లో లెవి-మోంటాల్చీని, కోహెన్ వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకొన్నారు.

4. ఎ-431: ఒక వృద్ధురాలి కణాలు

ఇ.జి.ఎఫ్. చేతికి వచ్చాక దానికి రేడియోధార్మిక అయొడిన్ తగిలించి, కణాల మీద ఎక్కడ అతుక్కొంటుందో చూడటం సాధ్యమైంది. 1970ల మధ్యలో మానవ కణాల ఉపరితలం మీద దానికి ప్రత్యేక స్థానాలున్నట్లు రుజువైంది. అయితే మామూలు కణం మీద ఆ స్థానాలు కొన్ని పదుల వేలే. ప్రోటీనుగా శుద్ధిచేయడానికి అవి చాలవు.

ఈ చిక్కును విప్పినది ఎ-431 అనే కణశ్రేణి. 85 ఏళ్ల వృద్ధురాలి జననాంగంలో ఏర్పడిన క్యాన్సర్ కణితి నుంచి తీసిన కణాలివి. అమెరికా పరిశోధకులు మానవ కణితుల నుంచి రూపొందించిన అనేక కణశ్రేణులతో పాటు దీనిని కూడా 1973లో వివరించారు. ఈ కణం ఒక్కొక్కదాని మీద ఇ.జి.ఎఫ్. గ్రాహకాలు ఇరవై లక్షలకు పైగా ఉన్నట్లు తర్వాత తేలింది. శాస్త్రజ్ఞులు వెదుకుతున్న అరుదైన పదార్థాన్ని ఒక రోగి కణితి రాశిగా పోసి ఉంచింది.

వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో కోహెన్, గ్రాహం కార్పెంటర్, లాయిడ్ కింగ్ ఈ కణాల త్వచాలతోనే పనిచేశారు. 1980లో వారు ఇ.జి.ఎఫ్.ను సన్నని పూసలకు అతికించి, కణత్వచ ద్రావణాన్ని వాటి మీదుగా పారించారు. గ్రాహకం తనకు తెలిసిన అణువును పట్టుకొని ఆగిపోయింది, మిగిలినవి కొట్టుకుపోయాయి. లాంగ్లీ తర్కంతో ఊహించిన 'గ్రహణ పదార్థం' వంటిది ఒకటి ఇలా చేతికి చిక్కింది.

5. పట్టుకోవడం నుంచి తెలుపడం వరకు

అంతకు రెండేళ్ల ముందే, 1978లో, ఈ ముగ్గురూ మరో ముఖ్యమైన విషయం గమనించారు. ఎ-431 త్వచాలకు ఇ.జి.ఎఫ్. కలిపితే కొన్ని ప్రోటీన్లకు ఫాస్ఫేటు చేరుతోంది. గ్రాహకాన్ని శుద్ధిచేసిన కొద్దీ ఫాస్ఫేటును తగిలించే ఎంజైము కూడా దానితోనే వస్తోంది. రెండూ వేరుకావడం లేదు. అంటే గ్రాహకమే ఎంజైము. బయట సంకేతాన్ని పట్టుకొన్న అణువే లోపల ఆ వార్తను తెలుపుతోంది. 'గ్రహించు' అనే క్రియ రెండో అర్థం ఇక్కడ శాస్త్రబద్ధమైంది.

ఆ ఫాస్ఫేటు ఏ అమైనో ఆమ్లానికి చేరుతోంది? మొదట అది థ్రియోనిన్ అనుకొన్నారు. ఇంతలో సాక్ సంస్థలో టోనీ హంటర్ 1979లో వైరస్ ప్రోటీన్ల మీద ప్రయోగం చేస్తూ, పాత ద్రావణాన్నే మళ్లీ వాడాడు. దాని ఆమ్లత స్వల్పంగా మారిపోవడం వల్ల, అంతవరకు థ్రియోనిన్ మచ్చతో కలిసిపోయి కనిపించిన మరో మచ్చ విడిగా బయటపడింది. అది టైరోసిన్‌కు చేరిన ఫాస్ఫేటు. 1980లో కోహెన్ బృందం తమ గ్రాహకాన్ని తిరిగి పరీక్షించి, అది కూడా టైరోసిన్‌కే ఫాస్ఫేటు తగిలిస్తున్నట్లు సరిదిద్దుకొంది. క్యాన్సర్ కలిగించే వైరస్ ప్రోటీన్లు, సహజ వృద్ధి గ్రాహకం ఒకే రసాయన పద్ధతిని వాడుతున్నాయన్న సూచన అప్పుడే వచ్చింది.

ఇక్కడ తెలుగువారికి సంబంధించిన ఒక నిజమైన లంకె ఉంది. గ్రాహకం తగిలించే ఫాస్ఫేటు ఎ.టి.పి. అనే అణువు నుంచి వస్తుంది. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని రూపొందించాడు. 1927లో కండరాలలో ఫాస్ఫోక్రియాటిన్‌ను కనుగొన్నాడు. 1929లో ఫిస్క్, సుబ్బారావు కండరాల నుంచి ఎ.టి.పి.ని వేరుచేశారు. జర్మనీలో కార్ల్ లోమన్ స్వతంత్రంగా అదే సంవత్సరం దానిని కనుగొన్నాడు. అర్ధ శతాబ్దం తర్వాత గ్రాహకపు 'మాట' ఆ అణువు నుంచి తీసుకొన్న ఫాస్ఫేటుతోనే రాయబడుతున్నట్లు తేలింది.

6. 1984: రెండు మార్గాల కలయిక

1984 ఫిబ్రవరిలో 'నేచర్' పత్రికలో ఒక పరిశోధన పత్రం వెలువడింది. లండన్‌లోని ఇంపీరియల్ క్యాన్సర్ పరిశోధన నిధి సంస్థలో మైఖేల్ వాటర్‌ఫీల్డ్ బృందం, ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థకు చెందిన జోసెఫ్ ష్లెసింగర్ బృందంతో కలిసి, ఎ-431 కణాల నుంచీ మానవ జరాయువు నుంచీ గ్రాహకాన్ని శుద్ధిచేసింది. దాని నుంచి ఆరు ముక్కల అమైనో ఆమ్ల క్రమాన్ని చదివి, తెలిసిన క్రమాలతో పోల్చింది. అవి కోళ్లలో రక్తక్యాన్సర్ కలిగించే ఒక వైరస్‌లోని ఎర్బ్-బి అనే జన్యువు ప్రోటీనుతో అతి దగ్గరగా సరిపోయాయి.

దీని అర్థం చాలా లోతైనది. వైరస్ క్యాన్సర్‌ను కలిగించడానికి కొత్త విషమేదీ సృష్టించలేదు. జంతుకణం నుంచే గ్రాహక జన్యువును ఎత్తుకుపోయి, సంకేతాన్ని పట్టుకొనే బయటి భాగాన్ని చాలావరకు పోగొట్టుకొంది. బయటి నుంచి ఏ సంకేతమూ రాకపోయినా లోపలి భాగం పెరగమని నిరంతరం చెబుతూనే ఉంది. క్యాన్సర్ బయటి నుంచి దండెత్తి వచ్చే శత్రువన్న పాత ఊహకు ఇది పెద్ద దెబ్బ. దేహం సొంత ప్రోటీనే హద్దు తప్పితే వ్యాధి అవుతుందని గ్రాహక చరిత్ర చూపింది.

అదే ఏడాది మే నెలలో, జెనెన్‌టెక్ సంస్థకు చెందిన ఆక్సెల్ ఉల్‌రిక్ తన సహకారులతో కలిసి గ్రాహకపు జన్యుక్రమాన్ని పూర్తిగా ప్రకటించాడు. మొత్తం 1210 అమైనో ఆమ్లాలు. అందులో మొదటి 24 కణం నుంచి బయటికి దారిచూపే సంకేతభాగం, తర్వాత తెగిపోతుంది. మిగిలిన 1186లో 621 కణం బయట ఉంటాయి. 23 త్వచాన్ని దాటుతాయి. 542 కణం లోపల ఉంటాయి. నేడు అమ్ముతున్న పునఃసంయోజక గ్రాహకంలో 25వ అమైనో ఆమ్లం నుంచి 645వ దాని వరకు మాత్రమే ఉండటం సాధారణం. అంటే సరిగ్గా ఆ 621. ఎ-431 కణాలలో ఈ జన్యువు అనేక ప్రతులుగా పెరిగి ఉందని కూడా ఆ పత్రం వెల్లడించింది. వృద్ధురాలి కణాలలో గ్రాహకాల రాశికి కారణం అప్పుడు తెలిసింది.

7. పునఃసంయోజక పద్ధతి: అవసరం, భయం

1973లో స్టాన్‌ఫర్డ్‌కు చెందిన స్టాన్లీ ఎన్. కోహెన్, శాన్‌ఫ్రాన్సిస్కోకు చెందిన హెర్బర్ట్ బోయర్ ఒక జీవి డి.ఎన్.ఎ.ను మరో జీవిలో చేర్చి పెంచే పద్ధతిని చూపారు. ఇ.జి.ఎఫ్.ను కనుగొన్న స్టాన్లీ కోహెన్, ఈ స్టాన్లీ కోహెన్ వేర్వేరు వ్యక్తులు. పేర్లు కలవడం వల్ల ఈ చరిత్రను చదివేవారు తరచు పొరబడతారు. ఈ పద్ధతి వల్ల ప్రమాదకర జీవులు పుట్టవచ్చునన్న భయంతో శాస్త్రజ్ఞులే 1974లో కొన్ని ప్రయోగాలను స్వచ్ఛందంగా ఆపమన్నారు. 1975 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని అసిలోమార్‌లో సమావేశమై జాగ్రత్తల చట్రాన్ని రూపొందించుకొన్నారు. 1982లో పునఃసంయోజక మానవ ఇన్సులిన్ అమెరికాలో అనుమతి పొందింది.

ఈ పద్ధతి అవసరాన్ని అతి కఠినంగా రుజువు చేసినది మానవ పెరుగుదల హార్మోను ఉదంతం. పొట్టిగా ఉండిపోయే పిల్లలకు ఇచ్చే ఆ హార్మోనును మృతదేహాల పీయూష గ్రంథుల నుంచి తీసేవారు. అలా తీసిన హార్మోను ద్వారా క్రూట్స్‌ఫెల్ట్-యాకబ్ వ్యాధి అనే ప్రాణాంతక మెదడు రోగం సంక్రమించినట్లు 1985లో బయటపడింది. అమెరికాలో దాని పంపిణీని నిలిపివేశారు. అదే ఏడాది చివరలో పునఃసంయోజక హార్మోనుకు అనుమతి లభించింది. 'మనిషి నుంచి తీసినది' కంటే 'మనిషి జన్యువుతో చేసినది' సురక్షితమన్న అభిప్రాయం ఈ సంఘటనతో స్థిరపడింది. పరిశోధన సామగ్రికీ ఇదే న్యాయం వర్తించింది. ప్రతిసారీ జరాయువు కోసమో కణితి కణాల కోసమో ఎదురుచూడకుండా, ఒకే క్రమం, ఒకే శుద్ధత గల ప్రోటీను ఏ దేశంలోనైనా దొరకడం సాధ్యమైంది.

8. అతిథేయ కణాలు

ఇన్సులిన్ చిన్న ప్రోటీను. బాక్టీరియాలో తయారవుతుంది. ఉపరితల ప్రతిజనకంతో చేసే హెపటైటిస్-బి టీకా ప్రోటీనుకు ఈస్టు కణాలు సరిపోతాయి. హైదరాబాదుకు చెందిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో విడుదల చేసిన భారతదేశపు తొలి పునఃసంయోజక టీకా ఈ కోవకు చెందినదే. గ్రాహకపు బయటి భాగం సంగతి వేరు. అందులో గంధకపు బంధాలు 25 ఉన్నాయి. అనేక చోట్ల చక్కెర గొలుసులు తగులుకొని ఉంటాయి. బాక్టీరియా ఈ మడతలనూ చక్కెరలనూ సరిగా అమర్చలేదు. అమైనో ఆమ్లాల లెక్క ప్రకారం ఈ భాగం బరువు సుమారు 69 కిలోడాల్టన్లు కావలసి ఉండగా, జెల్ మీద దాదాపు 100 కిలోడాల్టన్ల వద్ద కనిపించడానికి ఆ చక్కెరలే కారణం.

కాబట్టి జంతుకణాలు కావలసివచ్చాయి. 1957లో థియోడర్ పక్ చైనా హ్యామ్‌స్టర్ అనే చిన్న జంతువు అండాశయం నుంచి రూపొందించిన సి.హెచ్.ఓ. కణశ్రేణి, 1973లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో ఫ్రాంక్ గ్రాహం మానవ పిండ మూత్రపిండం నుంచి రూపొందించిన 293 కణశ్రేణి, 1983లో టెక్సాస్‌లో మాక్స్ సమ్మర్స్, గేల్ స్మిత్ బాక్యులోవైరస్ సాయంతో కీటక కణాలలో నెలకొల్పిన పద్ధతి - ఈ మూడూ ప్రధాన మార్గాలయ్యాయి. 293 అనేది గ్రాహం చేసిన ప్రయోగపు వరుస సంఖ్య.

సి.హెచ్.ఓ. కణాల చేత ప్రోటీనును అధికంగా తయారు చేయించిన ఉపాయంలో మళ్లీ సుబ్బారావు జాడ కనిపిస్తుంది. ఆయన నాయకత్వంలో లెడర్లీ ప్రయోగశాలల్లో 1940లలో ఫోలిక్ ఆమ్లానికి విరోధులైన మందులు తయారయ్యాయి. పిల్లల రక్తక్యాన్సర్‌కు సిడ్నీ ఫార్బర్ వాడిన అమినోప్టెరిన్, దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ ఆ కోవలోవే. మెథోట్రెక్సేట్ ఒక ముఖ్య ఎంజైమును అడ్డుకొంటుంది. ఆ మందు మోతాదు పెంచుతూ పోతే, ఆ ఎంజైము జన్యువును అనేక ప్రతులుగా పెంచుకొన్న కణాలే బతుకుతాయని 1978లో రాబర్ట్ షిమ్కే బృందం చూపింది. 1980లో గెయిల్ అర్లబ్, లారెన్స్ చేసిన్ ఆ ఎంజైము లేని సి.హెచ్.ఓ. కణాలను రూపొందించారు. వాటిలోకి ఆ ఎంజైము జన్యువునూ, కావలసిన ప్రోటీను జన్యువునూ జంటగా పంపి, మెథోట్రెక్సేట్ మోతాదు పెంచితే రెండూ కలిసి ప్రతులుగా పెరుగుతాయి. గుండెపోటులో రక్తపు గడ్డను కరిగించే టి.పి.ఎ. అనే మందు 1987లో ఇలాంటి కణాల నుంచే వచ్చింది.

ఇక్కడ ఒక పోలిక గమనార్హం. ఎ-431 కణితి బతకడానికి తన గ్రాహక జన్యువును అనేక ప్రతులుగా చేసుకొంది. పరిశ్రమ ప్రోటీను కోసం అదే పనిని కణాల చేత చేయించింది. వ్యాధి పద్ధతి ఉత్పత్తి పద్ధతిగా మారింది.

9. సీసాలోని గ్రాహకం చెప్పిన సంగతులు

త్వచం నుంచి విడివడి, నీటిలో కరిగే ఈ భాగం ఎందుకు అవసరమైంది? కణత్వచంలో ఉన్న ప్రోటీనును స్ఫటికంగా మార్చడం చాలా కష్టం. 2002లో జపాన్, ఆస్ట్రేలియా బృందాలు సి.హెచ్.ఓ. కణాలలో తయారుచేసిన గ్రాహక భాగాలను స్ఫటికాలుగా మార్చి, వాటి త్రిపరిమాణ నిర్మాణాన్ని ఒకే కాలంలో ప్రకటించాయి. వృద్ధికారకం రెండు గ్రాహకాల నడుమ వంతెనలా నిలుస్తుందని అంతవరకు చాలామంది ఊహించారు. వాస్తవం భిన్నంగా ఉంది. వృద్ధికారకం ఒక్కో గ్రాహకానికీ విడివిడిగా అతుక్కొంటుంది. అప్పుడు గ్రాహకమే చేయి చాచినట్లు తన భాగాన్ని ముందుకు చాపి, పక్కనున్న గ్రాహకాన్ని అందుకొంటుంది. సంకేతం లేనప్పుడు ఆ చేయి దాని దేహంలోనే ముడుచుకొని ఉంటుందని 2003లో మరో నిర్మాణం చూపింది.

ఈ జ్ఞానం చికిత్సకు కూడా ఉపకరించింది. 1980ల తొలి సంవత్సరాలలోనే జాన్ మెండెల్సన్, గార్డన్ సాటో గ్రాహకాన్ని మూసివేసే ప్రతిరక్షకంతో క్యాన్సర్‌ను ఆపవచ్చునని భావించారు. వారి ప్రతిరక్షకం నుంచి వచ్చిన సెటుక్సిమాబ్‌కు 2004లో అమెరికాలో అనుమతి లభించింది. అది గ్రాహకాన్ని సరిగ్గా ఎక్కడ కప్పుతుందో 2005లో పునఃసంయోజక గ్రాహక భాగంతోనే తేల్చారు. ఇదే కుటుంబానికి చెందిన హెర్-2 గ్రాహకం విషయంలో డెనిస్ స్లేమన్ బృందం 1987లో 189 రొమ్ము కణితులను పరీక్షించి, సుమారు 30 శాతంలో ఆ జన్యువు ప్రతులుగా పెరిగి ఉందనీ, అలాంటి రోగులకు వ్యాధి త్వరగా తిరగబెడుతోందనీ వెల్లడించింది. దాని మీద పనిచేసే ట్రస్టుజుమాబ్ 1998లో అనుమతి పొందింది. ఇలాంటి మందులను పరీక్షించే ప్రతి ప్రయోగశాలలోనూ సీసాలోని గ్రాహకం కొలమానంగా నిలుస్తుంది.

10. 'మానవ' అనే విశేషణం

చీటీ మీది 'మానవ' అనే మాటకు శాస్త్రంలో అర్థం స్పష్టం. క్రమం మనిషి జన్యువుది అని. కాని చరిత్రలో ఆ మాట మరికొన్ని ప్రశ్నలు లేవనెత్తుతుంది. ఆ మనిషి ఎవరు? ఎ-431 వృద్ధురాలి వయస్సు, వ్యాధి శాస్త్రపత్రాలలో ఉన్నాయి. పేరు లేదు. గ్రాహక క్రమాన్ని చదవడానికి ఉపయోగపడిన జరాయువులు ఏ తల్లులవో, 293 కణాలకు మూలమైన పిండం ఎవరిదో ఆ పత్రాలలో కనిపించదు.

పేరు రాయకపోవడం రోగి గోప్యతకు రక్షణ కూడా. 1951లో బాల్టిమోర్‌లో హెన్రియెటా లాక్స్ అనే నల్లజాతి స్త్రీ కణితి నుంచి ఆమెకు తెలియకుండా తీసిన కణాలు హెలా పేరుతో ప్రపంచమంతా వ్యాపించాయి. పేరు బయటపడ్డాక ఆమె కుటుంబం ఎన్నో ఇబ్బందులు పడింది. కాబట్టి ఎ-431 వృద్ధురాలి పేరు వెదకడం ఈ పరిశీలన ఉద్దేశం కాదు. సమస్య పేరు లేకపోవడంలో కాక, ఒక మనిషి దేహం నుంచి ఈ జ్ఞానం వచ్చిందన్న స్మృతి లేకపోవడంలో ఉంది. 1990లో కాలిఫోర్నియా అత్యున్నత న్యాయస్థానం జాన్ మూర్ అనే రోగి కేసులో, దేహం నుంచి తీసిన కణాల మీద రోగికి ఆస్తిహక్కు లేదనీ, అయితే వాటి మీద తనకున్న పరిశోధన, ఆర్థిక ప్రయోజనాలను వైద్యుడు ముందుగా రోగికి తెలపాలనీ తీర్పు చెప్పింది. 2013లో అమెరికా అత్యున్నత న్యాయస్థానం, సహజ జన్యువును వేరుచేసినంత మాత్రాన దాని మీద పేటెంటు చెల్లదనీ, ప్రయోగశాలలో రూపొందించిన ప్రతి డి.ఎన్.ఎ.కు మాత్రం పేటెంటు పొందవచ్చుననీ నిర్ణయించింది. పునఃసంయోజక ప్రోటీను ఈ రెండు తీర్పుల నడుమ నిలుస్తుంది. క్రమం ప్రకృతిది, తయారీ మనిషిది, ఆధారం ఒక రోగిది.

11. ముగింపు

పై పరిశీలన నుంచి తేలిన అంశాలు ఇవి:

1. గ్రాహకం మొదట తర్కం వల్ల పుట్టింది. వస్తువుగా చేతికి రావడానికి దాదాపు ముప్పావు శతాబ్దం పట్టింది. శాస్త్రంలో పదం వస్తువు కంటే ముందు పుట్టి, అన్వేషణకు దారి చూపగలదనడానికి ఇది నిదర్శనం.

2. 'గ్రాహకం' అనే తెలుగు పదం పట్టుకోవడం, అర్థం చేసుకోవడం అనే రెండర్థాలనూ ఇముడ్చుకొన్నది. 1978-80 నాటి టైరోసిన్ కైనేజ్ పరిశోధనల తర్వాత ఈ పదం మూలపదం కంటే విషయానికి దగ్గరగా నిలిచింది. పారిభాషిక పదాల ఔచిత్యాన్ని చర్చించేవారు గమనించదగిన ఉదాహరణ ఇది.

3. క్యాన్సర్ దేహానికి పరాయిది కాదనీ, సొంత ప్రోటీను హద్దు తప్పడమేననీ 1984 నాటి పరిశోధనలు స్థాపించాయి. నేటి లక్ష్యాధారిత చికిత్సకు అదే పునాది.

4. యల్లాప్రగడ సుబ్బారావు కృషి ఈ చరిత్రలో రెండు చోట్ల కనిపిస్తుంది. గ్రాహకానికి ఫాస్ఫేటునిచ్చే ఎ.టి.పి. ఒకటి, పునఃసంయోజక ప్రోటీన్ల ఉత్పత్తికి తోడ్పడిన మెథోట్రెక్సేట్ రెండోది. ఆయన గురించిన తెలుగు రచనలు మందుల జాబితాతో ఆగిపోకుండా ఈ అనుబంధాలను కూడా పరిశీలించవలసి ఉంది.

5. పునఃసంయోజక పద్ధతి మృతదేహాల మీద, జరాయువుల మీద, కణితుల మీద ఆధారపడే స్థితి నుంచి శాస్త్రాన్ని చాలావరకు విడిపించింది. అయితే ఆ విడుదలకు కావలసిన తొలి జ్ఞానం వాటి నుంచే వచ్చింది. కాబట్టి చీటీ మీది 'మానవ' అనే విశేషణం జన్యుక్రమ సూచికగానే కాక, తీరని ఒక ఋణానికి గుర్తుగా కూడా చదవదగినది.